పాఠకుల ప్రశ్నలు – జవాబులు: నీలి తిమింగలాన్ని తరగతి గదిలోకి తేవడం ఎలా?

గత సంచికలో నీలి తిమింగలం గురించి మేము ప్రచురించిన అరపేజీ పరిచయానికి ఎన్నో ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం ఉపాధ్యాయులూ, ఇంటి దగ్గర పిల్లలను చదివించే తల్లిదండ్రులూ రాసినవే. ఎనిమిది ఉత్తరాలకు ఈసారి జవాబులు ఇస్తున్నాం. కొందరు తమ పేరు వేయవద్దని కోరినందువల్ల అందరి పేర్లనూ తీసివేశాం.

ప్రశ్న: నేను ప్రకాశం జిల్లాలోని ఒక ప్రాథమికోన్నత పాఠశాలలో సైన్సు చెబుతాను. నీలి తిమింగలం ముప్పై మీటర్లు ఉంటుందని బోర్డు మీద రాస్తే పిల్లలు నోట్సులో ఎక్కించుకుంటారు, అంతే. ప్రొజెక్టరు, నమూనాలు ఏవీ లేని బడిలో ఆ పరిమాణం వారికి తెలిసేలా చెప్పే మార్గం ఉందా?

జవాబు: ఒక నైలాన్ తాడు, ఆటస్థలం ఉంటే చాలు. ముప్పై మీటర్ల తాడు తీసుకుని, ఒక చివర నుంచి కొలుస్తూ ఏడు మీటర్ల దగ్గర ఒక ముడి, పన్నెండు మీటర్ల దగ్గర మరొకటి, ఇరవై అయిదు మీటర్ల దగ్గర ఇంకొకటి వేయించండి. మొదటి ముడి అప్పుడే పుట్టిన నీలి తిమింగలం పిల్ల పొడవు. రెండోది మనం రోజూ ఎక్కే ఆర్టీసీ బస్సు పొడవుకు దగ్గరగా ఉంటుంది. మూడోది లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియంలో పైకప్పు నుంచి వేలాడదీసిన అస్థిపంజరం పొడవు. ఆ తిమింగలం 1891లో ఐర్లండ్‌లోని వెక్స్‌ఫర్డ్ దగ్గర ఇసుకమేటలో చిక్కుకుని చనిపోయింది, దాని పొడవు 25.2 మీటర్లు. తాడు చివర, అంటే ముప్పై మీటర్లు, ఈ జాతిలో నమ్మదగిన కొలతలు ఆగే చోటు. పుస్తకాల్లో 33 మీటర్లని కూడా కనిపిస్తుంది కానీ, ఆ అంకె తిమింగలాల వేటగాళ్ళ లెక్కల నుంచి వచ్చింది, కొలిచిన పద్ధతి మీద అనుమానాలు ఉన్నాయి.

తాడు పరిచాక పిల్లలను దాని వెంట బారలు చాపి నిలబడమనండి. ఏడో తరగతి పిల్లల బార సగటున 1.4 మీటర్లు అనుకుంటే ఇరవై ఒకటి, ఇరవై రెండు మంది కావాలి. మీ తరగతిలో అంతమంది లేకపోతే పక్క తరగతి వారిని పిలవవలసి వస్తుంది, ఆ పిలవడంలోనే సగం పాఠం పూర్తవుతుంది.

పొడవు కన్నా బరువు చెప్పడం కష్టం. పెద్ద తిమింగలం బరువు 120 టన్నులు అనుకుంటే, రేషను దుకాణం ముందు దిగే పది టన్నుల బియ్యం లారీలు పన్నెండు అవుతాయి, పాతిక కిలోల బస్తాలైతే 4,800. ఇక్కడే "ఇంత జంతువు నేల మీద ఎందుకు లేదు?" అని మీరే అడగండి. జవాబు చెప్పకుండా ఒకే కొలత గల ఎనిమిది చెక్క ఘనాలు, లేదా బంకమట్టితో చేసిన ఘనాలు ఇచ్చి, వాటితో రెండింతల పొడవు, వెడల్పు, ఎత్తు గల పెద్ద ఘనం కట్టించండి. పొడవు రెండింతలైతే అడుగు వైశాల్యం నాలుగింతలే, బరువు మాత్రం ఎనిమిదింతలు. కాలి ఎముక మోయగలిగే భారం దాని అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, శరీరం పెరిగే కొద్దీ కాళ్ళు వెనకబడతాయి. సముద్రంలో ఆ బరువును నీరే మోస్తుంది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన తిమింగలం ఊపిరితిత్తులు తన బరువు కిందనే నలిగిపోవడానికి కారణం ఏమిటో ఆ తర్వాత పిల్లలే చెప్పగలుగుతారు.

ప్రశ్న: నీలి తిమింగలం గుండె కారంత ఉంటుందని, దాని రక్తనాళంలో పసిపిల్లలు పాకవచ్చని పిల్లల పుస్తకాల్లో చదివాను. ఇది నిజమేనా? (ఒక తల్లి, వరంగల్)

జవాబు: నిజం కాదు. 2014లో కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరానికి కొట్టుకొచ్చిన ఒక నీలి తిమింగలం నుంచి గుండెను చెడిపోకుండా తీసి, టొరంటోలోని రాయల్ ఒంటారియో మ్యూజియం వారు భద్రపరిచారు. దాని బరువు సుమారు 180 కిలోలు, ఎత్తు మీటరున్నర. ఇద్దరు ముగ్గురు పెద్దమనుషుల బరువన్నమాట, కారు బరువు కాదు. బృహద్ధమని లోపలికి పిల్లవాడి తల పడుతుందేమో కానీ ఒళ్ళు పట్టదు.

ఈ తప్పును నేను కూడా చెప్పినవాణ్ణే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ పాకే పిల్లవాడి ముచ్చట ఎంతో ఉత్సాహంగా చెబుతుండగా, వెనక బెంచీలో ఉన్న ఒక అమ్మాయి లేచి "ఎవరి పిల్లవాణ్ణి పాకించి చూశారు సార్?" అని అడిగింది. తరగతి అంతా నవ్వింది, నా దగ్గర జవాబు లేదు. అప్పటి నుంచి పెద్ద అంకె ఏది చెప్పినా, దాన్ని ఎవరు ఎలా కొలిచారో తెలుసుకున్న తర్వాతే చెప్పడం అలవాటు చేసుకున్నాను.

గుండె గురించి చెప్పవలసిన అసలు వింత పరిమాణంలో కాదు, వేగంలో ఉంది. కాలిఫోర్నియాలోని మాంటెరే అఖాతంలో పరిశోధకులు ఒక నీలి తిమింగలం ఒంటికి రబ్బరు చూషకాలతో అంటుకునే పరికరాన్ని తగిలించి గుండె చప్పుడు నమోదు చేశారు. ఆ ఫలితాలు 2019లో వెలువడ్డాయి. లోతుకు మునిగినప్పుడు నిమిషానికి నాలుగు నుంచి ఎనిమిది సార్లు, ఒక్కోసారి రెండే సార్లు కొట్టుకున్న ఆ గుండె, పైకి వచ్చి ఊపిరి తీసుకునేటప్పుడు 25 నుంచి 37 సార్లు కొట్టుకుంది. పిల్లలను తమ మణికట్టు నాడి పట్టుకుని కూర్చోమని, మీరు ముప్పై సెకన్లకు ఒకసారి బల్ల మీద కొట్టండి. ఆ రెండు దెబ్బల మధ్య నిశ్శబ్దాన్ని వాళ్ళు మరచిపోరు.

ప్రశ్న: అంత పెద్ద జంతువు చిన్న చిన్న రొయ్యలు తిని బతుకుతుందంటే మా పిల్లలు నమ్మడం లేదు. మాది నిజాంపట్నం దగ్గర, రొయ్యలంటే వారికి బాగా తెలుసు, అందుకే వాదిస్తున్నారు. (ఒక ఉపాధ్యాయుడు, బాపట్ల జిల్లా)

జవాబు: వాదించే తరగతి దొరకడం మీ అదృష్టం. మీ ఊళ్ళో మరొక సౌకర్యం కూడా ఉంది, ఏ ఇంటి నుంచైనా ఒక గుప్పెడు రొయ్యపొట్టు తెప్పించవచ్చు. చల్లటి సముద్రాల్లో నీలి తిమింగలం తినేది క్రిల్ అనే ప్రాణిని. అది రొయ్యలా కనిపించినా రొయ్యల వర్గానికి చెందదు, అంటార్కిటికా క్రిల్ మన వేలంత పొడవు ఉంటుంది, బరువు ఒకటి రెండు గ్రాములు. మన పొరుగున శ్రీలంక చుట్టూ తిరిగే నీలి తిమింగలాల కథ వేరు. ఆశా డి వోస్ అనే శ్రీలంక శాస్త్రవేత్తా, ఆమె సహచరులూ ఆ తిమింగలాల మలాన్ని నీటి మీద నుంచి సేకరించి, అందులోని డీఎన్‌ఏను పరీక్షించి, అవి ప్రధానంగా సెర్జెస్టిడ్ కుటుంబపు సన్న రొయ్యలను తింటున్నాయని 2018లో వెల్లడించారు. మన తీరంలో రొయ్యపొట్టుగా ఎండబెట్టే సన్న రొయ్యల్లో ఎసిటీస్ అనేది ఆ కుటుంబానిదే. కాబట్టి మీ పిల్లల చేతిలో ఉన్న ఆ గుప్పెడు పొట్టు తిమింగలం తిండికి దూరపు పోలిక కాదు, దగ్గరి చుట్టం. మలం మాట వినగానే పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి. అది ఇటుకరాయి రంగులో ఉంటుందని, అందులోని ఇనుము సముద్రపు సూక్ష్మమొక్కలకు ఎరువవుతుందని కూడా చెప్పండి, మరోసారి నవ్వి గుర్తుపెట్టుకుంటారు.

తినే తీరు చూపించడానికి ఒక పళ్ళెంలో నీళ్ళు పోసి, సన్నగా తరిగిన కొత్తిమీర కలపండి. ఒక పిల్లవాడికి పట్టకారు ఇచ్చి ఒక్కొక్క తునకనూ ఏరమనండి, మరొకరికి గిన్నె, సన్నపళ్ళ దువ్వెన ఇచ్చి, గిన్నెతో నీటిని ముంచి దువ్వెన అడ్డం పెట్టి వంచమనండి. నీలి తిమింగలం చేసేది రెండో పని. దవడ కింద నుంచి బొడ్డు దాకా ఉన్న ముడతలు విచ్చుకోగా, అది తన శరీరపు బరువుకు దాదాపు సమానమైన నీటిని ఒక్క గుక్కలో నోట్లోకి తీసుకుని, నాలుకతో ఒత్తి బయటికి నెడుతుంది. పైదవడ నుంచి వేలాడే పలకలు, ఒక్కో పక్క మూడు నాలుగు వందలు, ఆహారాన్ని ఆపుతాయి. అవి పళ్ళు కావు, మన గోళ్ళు ఏ పదార్థంతో తయారవుతాయో అవీ అదే పదార్థంతో తయారవుతాయి. నోరు అంత పెద్దదైనా గొంతు ఇరుకు, అందువల్ల మనిషిని మింగే కథలకు ఈ జంతువు పనికిరాదు.

రోజుకు ఎంత తింటుందన్న ప్రశ్న తప్పక వస్తుంది. చాలా పుస్తకాల్లో నాలుగు టన్నులని ఉంటుంది. 2021లో వెలువడిన ఒక పరిశోధన, ఒంటికి తగిలించిన పరికరాలతోను, డ్రోన్ చిత్రాలతోను, క్రిల్ గుంపుల సాంద్రతను చెప్పే ధ్వని పరికరాలతోను లెక్క కట్టి, తూర్పు పసిఫిక్‌లోని పెద్ద నీలి తిమింగలం మేత దొరికే రోజుల్లో సుమారు 16 టన్నులు తింటుందని తేల్చింది. రెండు అంకెలనూ చెప్పండి. పాతది ఎందుకు తక్కువగా ఉందో తరగతిలో చర్చించడానికి ఒక పీరియడ్ కేటాయించినా వృథా కాదు, ఎందుకంటే 16 టన్నులన్నది ఏడాది పొడవునా ప్రతి రోజూ తినే లెక్క కాదు, ఎక్కువ ఆహారం కొన్ని నెలల్లోనే తిని, కొవ్వుగా దాచుకుని బతికే జంతువు లెక్క.

ప్రశ్న: దాని అరుపు జెట్ విమానం కన్నా బిగ్గరగా ఉంటుందని ఒక వీడియోలో విన్నాము. అలాగని పిల్లలకు చెప్పవచ్చా? (ఒక తండ్రి, హైదరాబాద్)

జవాబు: చెప్పకపోవడమే మంచిది. నీలి తిమింగలం స్వరం 188 డెసిబెల్స్ దాకా ఉంటుందన్న అంకె నీటిలో కొలిచినది, విమానం అంకె గాలిలో కొలిచినది. రెండు చోట్లా డెసిబెల్‌కు ఆధారంగా తీసుకునే పీడనం వేరు, మాధ్యమమూ వేరు, కాబట్టి నీటి అంకె నుంచి సుమారు 62 తీసివేస్తే తప్ప పోల్చడం కుదరదు. అప్పుడు మిగిలేది 126. అదేమీ తక్కువ కాదు కానీ వీడియో చెప్పిన అద్భుతం మాత్రం కాదు.

పైగా ఆ స్వరంలో ఎక్కువ భాగం 10 నుంచి 40 హెర్ట్‌జ్ మధ్య ఉంటుంది, మన చెవి 20 హెర్ట్‌జ్ కన్నా కింద వినలేదు. అందుకే వినిపించే రికార్డులన్నీ వేగం పెంచినవే. ఆ మాట ముందే చెప్పి వినిపించండి. ఇంత మంద్రమైన ధ్వని నీటిలో వందల కిలోమీటర్లు పోతుంది, దాన్ని పట్టుకునే మైకును సముద్రం అడుగున పెడితే కంటికి కనబడని జంతువు ఉనికి తెలుస్తుంది. లక్షద్వీప్‌లోని కవరత్తి దగ్గర దివ్య పనిక్కర్ అనే పరిశోధకురాలు అలాగే మైకులు పెట్టి నీలి తిమింగలాల పాటను నమోదు చేశారు, ఆ వివరాలు 2021లో ప్రచురితమయ్యాయి.

ప్రశ్న: పెరూలో దీనికన్నా బరువైన తిమింగలం శిలాజం దొరికిందట. "ఇప్పటివరకు జీవించిన అతిపెద్ద జంతువు" అన్న పాఠ్యపుస్తకం వాక్యాన్ని మార్చుకోవాలా?

జవాబు: అక్కరలేదు. పెరుసిటస్ అని పేరు పెట్టిన ఆ ప్రాచీన జీవి 85 నుంచి 340 టన్నుల మధ్య ఉండవచ్చని 2023లో అంచనా వేశారు. మరుసటి ఏడాదే వేరే పరిశోధకులు ఆ ఎముకలను బట్టి 60 నుంచి 114 టన్నులే అన్నారు. నీలి తిమింగలాన్ని 1947లో ఒకసారి, వేటనౌక మీద కోసి, 190 టన్నులుగా లెక్క తేల్చారు.

ప్రశ్న: 2023లో మా జిల్లాలో మేఘవరం తీరానికి నీలి తిమింగలం కొట్టుకొచ్చిందని పత్రికల్లో వచ్చింది. మా పిల్లలు చాలామంది "తిమింగలం చేప" అంటారు. ఆ వార్తను పాఠంగా ఎలా వాడుకోవాలి? (ఒక ఉపాధ్యాయిని, శ్రీకాకుళం జిల్లా)

జవాబు: ఆ ఏడాది జూలైలో సంతబొమ్మాళి మండలంలో ఒడ్డుకు చేరిన ఆ కళేబరం సుమారు 25 అడుగులని వార్తలు చెప్పాయి. మొదటి జవాబులోని తాడు గుర్తుకు తెచ్చుకోండి. 25 అడుగులంటే ఏడున్నర మీటర్లు, అంటే మొదటి ముడి దాటి కాస్త. అది నీలి తిమింగలమే అయితే పాలు తాగే పిల్ల అయి ఉండాలి, లేదా బంగాళాఖాతంలో తిరిగే బ్రైడ్స్ తిమింగలం వంటి మరో రకం అయి ఉండాలి. తల మీద ముక్కు నుంచి మూడు గట్లు ఉంటే బ్రైడ్స్, ఒకే గట్టు ఉండి పలకలు నల్లగా ఉంటే నీలి తిమింగలం. వార్త చదివి "ఏది చూసి చెప్పారు?" అని అడగడం ఎనిమిదో తరగతి పిల్లలకు మంచి అభ్యాసం, అయితే విలేకరిని వెక్కిరించే పాఠంగా మారనివ్వకండి.

చేప అన్న మాటకు తోకతో జవాబు చెప్పవచ్చు. 2021 డిసెంబరులో విశాఖపట్నం దగ్గర తంతడి తీరంలో వలలో చిక్కిన వేల్ షార్క్‌ను మత్స్యకారులూ అటవీ సిబ్బందీ తిరిగి సముద్రంలోకి పంపారు. అది నిజంగా చేప, దాని తోక నిలువుగా ఉండి పక్కలకు ఊగుతుంది, మొప్పలతో ఊపిరి పీలుస్తుంది. తిమింగలం తోక అడ్డంగా ఉండి పైకీ కిందికీ ఊగుతుంది, పరుగెత్తే కుక్క వెన్ను వంగినట్టు. ఎందుకంటే దాని పూర్వీకులు నేల మీద నాలుగు కాళ్ళతో నడిచినవి. ఆ పూర్వీకుల దగ్గరి బంధువు ఒకటి మన దేశంలోనే దొరికింది. భూగర్భ శాస్త్రవేత్త ఎ. రంగారావు జమ్ముకశ్మీరులోని కాలాకోట్ దగ్గర సేకరించిన రాళ్ళు ఆయన మరణానంతరం శిలాజ శాస్త్రవేత్త హాన్స్ థేవిసన్ చేతికి వచ్చాయి. వాటిలోని ఇండోహ్యుస్ అనే చిన్న జంతువు చెవి ఎముకలో, తిమింగలాల్లో తప్ప కనబడని ఒక మందపాటి అంచు ఉందని 2007లో తేలింది. ఆ జంతువు ఎలా ఉండేదో ఊహించుకోవడానికి హైదరాబాద్ జూలో పెంచే మూషిక జింకను చూపించండి, ఆకారంలో అంత దూరమేమీ కాదు.

ఒడ్డుకు ఏది కొట్టుకొచ్చినా పిల్లలను దాని మీద ఎక్కి ఫొటోలు దిగనివ్వకండి. తిమింగలాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, ఎముక ముక్క ఇంటికి తెచ్చుకోవడం కూడా నేరమే. అటవీ శాఖకు కబురు చేయాలి.

ప్రశ్న: నేను సాంఘిక శాస్త్రం చెబుతాను. వేటలో ఇన్ని తిమింగలాలను చంపిన చరిత్ర పన్నెండేళ్ళ పిల్లలకు చెప్పాలా, వద్దా? చెబితే ఎలా? (ఖమ్మం)

జవాబు: చెప్పాలి. రక్తం బొమ్మలతో మాత్రం వద్దు, లెక్కలతో చెప్పండి. నీలి తిమింగలం వేగంగా ఈదుతుంది, చనిపోతే మునిగిపోతుంది, కాబట్టి పడవలూ చేతి బల్లేలూ ఉన్న కాలంలో దాని జోలికి పోలేదు. నార్వేకు చెందిన స్వెండ్ ఫోయిన్ 1860లలో ఆవిరి ఓడ మీద పేలుడు బల్లెం ఫిరంగిని అమర్చాక దారి తెరుచుకుంది. 1904లో దక్షిణ జార్జియా దీవిలో గ్రిట్‌వికెన్ వేటకేంద్రం వెలసింది. కొవ్వు నుంచి తీసిన నూనె సబ్బులకు, తర్వాత రొట్టె మీద రాసుకునే మార్గరిన్‌కు పోయేది. 1930–31 వేట కాలం ఒక్కదానిలోనే అంటార్కిటికా సముద్రంలో 29 వేలకు పైగా నీలి తిమింగలాలు హతమయ్యాయి. ఇరవయ్యో శతాబ్దం మొత్తం మీద దక్షిణార్ధగోళంలో ఆ సంఖ్య మూడు లక్షలు దాటింది.

పిల్లల చేత చేయించదగిన లెక్క ఒకటి ఉంది. వేటను అదుపు చేయడానికి "నీలి తిమింగలం యూనిట్" అనే కొలత పెట్టారు. ఒక నీలి తిమింగలం రెండు ఫిన్ తిమింగలాలకు, రెండున్నర హంప్‌బ్యాక్‌లకు, ఆరు సెయ్ తిమింగలాలకు సమానం. మొత్తం ఇన్ని యూనిట్లు దాటకూడదన్నారే తప్ప, ఏ జాతిలో ఎన్ని అన్నది చెప్పలేదు. ఇప్పుడు పిల్లలను ఓడ యజమానులుగా కూర్చోబెట్టి, ఒక్కో వేటకూ ఓడ ఖర్చు ఒకటే అయితే ముందుగా దేని వెంట పడతారని అడగండి. అరుదైపోయిన జంతువునే ఇంకా వేటాడే పద్ధతి ఎలా తయారైందో రెండు నిమిషాల్లో వాళ్ళే పట్టుకుంటారు. దుర్మార్గుల కథ చెప్పడం కన్నా ఇది ఎక్కువ పని చేస్తుందని నా అనుభవం.

1966లో నీలి తిమింగలం వేటను నిషేధించారు, 1986 నుంచి వాణిజ్య వేట అంతటికీ విరామం అమలులోకి వచ్చింది. సోవియట్ ఓడలు మాత్రం దొంగ లెక్కలు రాసి 1960లలో మన అరేబియా సముద్రంతో సహా ఉత్తర హిందూ మహాసముద్రంలో సుమారు 1,300 నీలి తిమింగలాలను చంపాయి. సోవియట్ యూనియన్ పతనమయ్యాక ఆ దేశపు శాస్త్రవేత్తలే దాచిన అసలు లెక్కలు బయటపెట్టారు. ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద పది వేల నుంచి పాతిక వేల మధ్య ఉంటాయని అంచనా. వేట ఆగినా ఓడలు ఢీకొట్టడం ఆగలేదు. శ్రీలంక దక్షిణపు కొసన ఉన్న రద్దీ ఓడల దారి అవి మేసే చోటి మీదుగానే పోతుంది. 2022లో ఒక పెద్ద కంటెయినర్ ఓడల సంస్థ తన ఓడలను స్వచ్ఛందంగా మరింత దక్షిణానికి జరిపింది. ప్రపంచ పటం గోడకు ఉంటే ఆ దారిని దారంతో చూపించండి.

ప్రశ్న: కాలిఫోర్నియాలో మా ఇంటి దగ్గర ఆదివారాలు పిల్లలకు తెలుగు నేర్పుతున్నాం. "తిమింగలం" అన్న మాటకు అర్థం ఏమిటని అడుగుతున్నారు. ఈ పాఠానికి ఇక్కడ చూపదగినది ఏదైనా ఉందా?

జవాబు: సంస్కృతంలో "తిమి" అంటే ఒక మహామత్స్యం, "గిల" అంటే మింగేది. తిమిని మింగేది తిమింగిలం, మన వాడుకలో తిమింగలం. దాన్ని కూడా మింగే "తిమింగిలగిలం" ఒకటి సంస్కృత గ్రంథాల్లో ఉంది, పిల్లలకు ఈ మాట నోరు తిప్పుకోవడానికి బాగుంటుంది. అమరకోశంలో ఈ పేర్లు చేపల వరుసలోనే వచ్చాయి, కాబట్టి "తిమింగలం చేప" అనే శ్రీకాకుళం పిల్లలకు పెద్దల అండ లేకపోలేదు. ఇక శాస్త్రీయ నామంలో 1758లో లినేయస్ పెట్టిన మాట "మస్కులస్". లాటిన్‌లో ఆ మాటకు చిట్టెలుక అనే అర్థం కూడా ఉంది, ఇంట్లో తిరిగే చిట్టెలుక పేరులోనూ అదే మాట ఉంది.

చూపదగినది మీకు దగ్గరలోనే ఉంది. పైన చెప్పిన గుండె చప్పుడు నమోదు చేసిన మాంటెరే అఖాతానికి వేసవి నుంచి శరదృతువు దాకా నీలి తిమింగలాలు మేతకు వస్తాయి, చూపించే పడవలూ ఉంటాయి. తొమ్మిది మీటర్ల ఎత్తున లేచే ఊపిరి తుంపరే ముందుగా కనబడుతుంది. ఫొటోల హడావిడిలో పడకుండా పిల్లల చేతికి ఒక గడియారం, ఒక పుస్తకం ఇచ్చి, తిమింగలం మునిగిన సమయం, మళ్ళీ తేలిన సమయం, ఆ మధ్య తుంపర ఎన్నిసార్లు లేచిందో తెలుగు అంకెల్లో రాయించండి. ఆ కాగితం మాకు పంపితే ఇదే శీర్షికలో వేస్తాం.